పోయినవాళ్ళకి పథ్యం

బాంకాక్ మునిగిన పెద్ద వరద తర్వాత మూడో ఏడు మా ఊరికి ఆరోగ్యప్పిచ్చి పట్టింది. ఆ మాట నాది కాదు, ఛోయ్ అవ్వది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. పందికొవ్వు వేయించుకుని తినేది. ఆకూ వక్కా నమిలేది. కాలువ అవతలి గట్టున కూర్చుని మాట్లాడితే ఇవతలి గట్టున కుక్కలు లేచేవి.

"జ్వరం మూడు రోజులుంటే పోద్దిరా సంరిత్. వీళ్ళకొచ్చింది ఆరోగ్యప్పిచ్చి. అది మనిషిని తినేదాకా పోదు" అంది నాతో.

ఒక్క వానాకాలం ముచ్చట అది. మా గ్రామపెద్ద కమోన్ పట్నంలో ఏదో శిక్షణ అని వెళ్ళి మూడు రోజులుండి వచ్చాడు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషి. వచ్చేటప్పుడు పడవలో తూకం మిషను, కొలత టేపుల కట్ట, నడుముకి తిప్పుకునే పెద్ద రింగులు పన్నెండు వేసుకుని వచ్చాడు. ఆరోగ్య గ్రామాల పోటీ జరుగుతోందనీ, మేక్లాంగ్ నది చుట్టుపక్కల కాలువలన్నిటిలో మన కాలువే మొదట రావాలనీ మైకులో చెప్పాడు. మర్నాటి నుంచి పొద్దున్న ఐదున్నరకి పాట. బౌద్ధ విహారం ముంగిట ముసలమ్మలంతా వరసగా నిలబడి రింగులు తిప్పడం. ప్రతి సోమవారం ఎవరి నడుం ఎంత తగ్గిందో మైకులో చదివేవాడు. తగ్గనివాళ్ళ పేర్లు రెండుసార్లు చదివేవాడు.

ముందు వరసలో నా భార్య సంగ్వాన్ ఉండేది.

మా అమ్మాయి పికున్ అంతకు రెండేళ్ళ ముందు చక్కెర జబ్బుతో పోయింది. ముప్పై ఆరేళ్ళు. సంగ్వాన్ ఏడవలేదు. కర్మ అయిన వారానికి ఊరి ఆరోగ్య సేవకుల్లో పేరు రాయించుకుంది. నేను కొబ్బరి బెల్లం వండుకుంటూ ఉన్నాను. మా ఇంట్లో ఆ రెండేళ్ళూ జరిగింది ఇంతే.

*

కమోన్ మా ఇంటికి టేపు పట్టుకుని వచ్చిన రోజు నేను కొబ్బరిచెట్ల మీంచి దిగి, బెల్లానికని పూగెలలు గీసి తెచ్చిన నీరా వడకడుతున్నాను. వెనక సంగ్వాన్ నోటు పుస్తకంతో ఉంది. తన ఇంటికే, బయటి మనిషిలా, చెప్పులు మెట్ల దగ్గర విడిచి వచ్చింది.

"పెదనాన్నా, చేతులు పైకెత్తండి. నడుం చూద్దాం" అన్నాడు కమోన్.

"చేతులు ఖాళీగా లేవు."

"ఊళ్ళో మీరొక్కరే మిగిలారు. మీ పేరు దగ్గర ఖాళీ ఉంటే మార్కులు పోతాయి."

"పొద్దున ముప్పై నాలుగు చెట్లు ఎక్కి దిగాను. సాయంత్రం మళ్ళీ ముప్పై నాలుగు. నాకు నడుం ఎక్కడుందో నువ్వే వెతికి రాసుకో."

కమోన్ నవ్వాడు. చెడ్డవాడు కాదు. వాడి నాన్న నిద్రలోనే గుండె ఆగి పోయాడు, వాడికా భయం. టేపు మడిచి జేబులో పెట్టుకుని పొయ్యి వైపు చూశాడు. మాది పొడుగాటి మట్టి పొయ్యి. కొబ్బరి డొక్కలు, మట్టలు మండుతున్నాయి. పెనం మీద వెదురు తడక గుండ్రంగా నిలబెట్టి ఉంది, నురగ పొంగి పోకుండా.

"అసలు సంగతి ఇది పెదనాన్నా. ఊళ్ళో తీపి తగ్గించాలని కమిటీ నిర్ణయం. ఊరి నడిమధ్యలో మీ పొయ్యి పొద్దస్తమానం మండుతుంటే చూసేవాళ్ళేమనుకుంటారు?"

"బెల్లం వండుతున్నాడనుకుంటారు."

సంగ్వాన్ పుస్తకంలో ఏదో రాసుకుంది. తర్వాత చూశాను. నా పేరు పక్కన, నడుం అన్న చోట, "సహకరించలేదు" అని రాసింది. అక్షరాలు గుండ్రంగా, అందంగా ఉన్నాయి.

వంటింట్లో ఆమె ఎప్పుడో మారిపోయింది. దంపుడు బియ్యం ఉప్పు లేకుండా ఉడికించేది. కొబ్బరిపాలు మానేసింది. చేపని ఆవిరి మీద పెట్టి, రుచి తెలిసేలోగా దించేసేది. పొద్దున్నే నేలవేము కషాయం. నడుముకి చిన్న మిషను కట్టుకుని రోజుకి పదివేల అడుగులు వేసేది. సాయంత్రానికి తక్కువైతే నా మంచం చుట్టూ తిరిగి లెక్క పూర్తి చేసేది. రవికలు వదులైపోయి పిన్నీసులు పెట్టుకునేది. నేను ఏదీ అడగలేదు. పెట్టింది తినేవాణ్ణి. తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్ళి పెనం అంచున గీకిన బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాణ్ణి. దాచి కాదు. ఆమెకి కనపడేలాగే.

ఊరి ఆడవాళ్ళు పగలు నా పొయ్యి దారిన రావడం మానేశారు. వెనక రేవుకి పడవలో వచ్చేవాళ్ళు. తోటకూర కట్టల కింద బెల్లం అచ్చులు దాచుకుని పోయేవాళ్ళు. కమోన్ భార్య అందరికంటే ఎక్కువ కొనేది.

"మా ఆయన తొక్కుడు బిళ్ళలాడే పిల్లాడిలా రోజూ తూకం ఎక్కి దిగుతున్నాడు మావయ్యా. నేను లావెక్కానని ఆ మిషను చెప్పేస్తోంది. అబద్ధం చెప్పే మిషను ఏదన్నా ఉంటే చూడు" అనేది.

*

మా చాంద్రమానం లెక్కలో పదో నెల వచ్చింది. ఆ నెల అమావాస్యకి మాకు సాత్ పండుగ. పోయినవాళ్ళు ఆ ఒక్కరోజు విహారం గోడ దాకా వచ్చి, తమవాళ్ళు ఏం తెచ్చారా అని చూస్తారు. పేలాలు, అటుకులు, వేరుశనగలు, నువ్వులు కొబ్బరిపాల పాకంలో కలిపి, పెద్ద పెనంలో ఊరంతా కలిసి చేస్తాం. చల్లారాక ముక్కలు కోసి భిక్షువుల పాత్రల్లో వేసి, పోయినవాళ్ళ పేరు చెప్పి నీళ్ళు వదులుతాం. ఎవరూ పేరు చెప్పకపోతే వాళ్ళు వట్టి చేతులతో తిరిగి వెళ్ళాలి. ఆ పాకానికి బెల్లం మా నాన్న పొయ్యి నుంచే వెళ్ళేది, ఆయన తర్వాత నా పొయ్యి నుంచి. పికున్ పోయాక వచ్చిన రెండు సాత్‌లకీ ఆమె వాటా ఆ ఉమ్మడి పెనంలోనే వెళ్ళింది.

ఆ ఏడు పండుగకి పది రోజుల ముందు విహారం చావడిలో మీటింగు పెట్టారు. కమోన్ నిలబడ్డాడు.

"పోటీ చూడ్డానికి సరిగ్గా సాత్ రోజే వస్తున్నారు. మన అదృష్టం. ఈసారి ఉమ్మడి పెనంలో బెల్లం పడదు. చక్కెరకి బదులు వాడే పొడి తెప్పించాను. తీపి అంతే, జబ్బు ఉండదు. ఇళ్ళ నుంచి తెచ్చేవాటికి బిళ్ళలు అంటిస్తాం. మంచిదైతే పచ్చ బిళ్ళ, పరవాలేదంటే పసుపు, తీపీ కొవ్వూ ఎక్కువైతే ఎర్ర బిళ్ళ. ఎర్రవి పక్కన పెడతాం. భిక్షువుల దాకా వెళ్ళవు. బిళ్ళలు సంగ్వాన్ పెద్దమ్మ చూసుకుంటుంది."

ఛోయ్ అవ్వ వక్క ముక్క దవడకి మార్చుకుంది.

"మా ఆయన పోయి ఇరవై మూడేళ్ళు. ఏడాదికి ఒక్క పూట తింటున్నాడు. ఆ పూట కూడా పథ్యమేనా నాయనా?"

కొంతమంది నవ్వారు. కమోన్ కూడా నవ్వి, "ఆయన పేరు చెప్పి తినేది బతికున్న భిక్షువులు కదా అవ్వా. పెద్ద భిక్షువుగారికి షుగరు ఎంతుందో మీకు తెలుసా?" అన్నాడు.

ఆ మాట నిజమే. మామూలుగా అయితే నేను కూడా ఊరుకుని ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఆ చావడిలో నలభై ఏళ్ళలో నేను నోరు తెరిచింది లేదు. ఆ రోజు లేచి నిలబడ్డాను.

"పికున్‌కి బెల్లంతో చేసిందే వెళ్తుంది" అన్నాను.

కమోన్ ముఖం ఎర్రబడింది. "పెదనాన్నా, మీ ఇంట్లోనే జరిగింది కదా. మీకు కూడా మేం చెప్పాలా?" అన్నాడు.

సంగ్వాన్ పెన్ను ఆగింది. తల ఎత్తలేదు. కమోన్ అన్నాక తనే నాలుక కరుచుకున్నాడు.

"చెప్పక్కర్లేదు. అందుకే అంటున్నాను" అని బయటికి వచ్చేశాను.

*

పండుగకి రెండు రోజుల ముందు సంగ్వాన్ పొయ్యి దగ్గరికి వచ్చింది. రెండేళ్ళలో తనంతట తాను అటు రావడం అదే మొదటిసారి. అంతకుముందు నలభై ఏళ్ళూ మేమిద్దరం ఆ పొయ్యికి చెరోవైపు నిలబడి పని చేశాం. ఇప్పుడు పొగ తగలని చోటు చూసుకుని నిలబడింది.

"రెండు రోజులు పొయ్యి ఆర్పయ్యా. వచ్చినవాళ్ళకి పొగ కనపడకూడదంట."

"చెట్లు ఆగుతాయా?"

"రెండు రోజులే కదా."

"గియ్యకపోతే పూగెల కోసిన చోటు ఎండిపోద్ది. నీకు తెలీదా? తెలీనట్టు మాట్లాడతావేంటి?"

"తెలుసు. దీని సంగతి నాకు తెలిసినంత ఎవరికి తెలుసు?" అంది. పొయ్యి వైపు గడ్డం ఎత్తి చూపించింది. "నడక రాకముందే పికున్‌ని ఇక్కడ కూర్చోబెట్టాను. ఏడిస్తే వేలికి పాకం రాసి నాకించాను. ఏడుపు ఆగిపోయేది. నాకు పని సాగేది."

నేను పెనం కలుపుతున్నాను. పాకం ముదిరే వేళ, చేయి ఆపితే మాడుతుంది.

"ఆ రోజు మధ్యాహ్నం అడిగింది" అంది సంగ్వాన్.

"తెలుసు."

"నీకెలా తెలుసు? లోపల నేనూ అదీ తప్ప ఎవరూ లేరు."

"ఇక్కడే ఉన్నాను. తలుపు తీసే ఉంది. వేడి వేడిది, కొబ్బరాకు మీద కొంచెం అంది. డాక్టరు వద్దన్నాడు, తగ్గాక తిందువుగాని అన్నావు. మళ్ళీ అడిగింది. నువ్వు మళ్ళీ వద్దన్నావు."

"మరి నువ్వు?"

"ఇలాగే కలుపుతున్నాను."

ఆమె నా వంక చూసింది. నేను చూడలేదు. ఆ రోజు నా చేతిలో తెడ్డు ఉంది, తెడ్డు మీద బెల్లం ఉంది, గుమ్మం పది అడుగుల్లో ఉంది. నేను వెళ్ళలేదు. చీకటి పడేలోపు పికున్ పోయింది. ఇవ్వకపోయినా పోయింది.

"అది విషం కాకపోతే నేనెందుకు ఇవ్వలేదయ్యా?" అంది సంగ్వాన్. గట్టిగా అనలేదు. పొడి బియ్యం చేటలో కదిలినంత చప్పుడు.

అప్పుడు నాకు అర్థమైంది. ఆ రింగులూ, కషాయాలూ, ఊరందరి నడుములూ అన్నీ ఎందుకో అర్థమైంది. అర్థమైనా, పొయ్యి ఆర్పాలని అనిపించలేదు.

"అప్పుడు విషమే. నువ్వు చేసింది తప్పు కాదు" అన్నాను. "ఇప్పుడు దానికేం జబ్బు లేదు."

పైగుడ్డ వెతుక్కున్నట్టు ఆమె చేయి భుజం దాకా వెళ్ళి, సేవకుల చొక్కా తగిలి, వెనక్కి వచ్చింది. లోపలికి వెళ్ళిపోయింది. నేను పెనం దించాను. పొయ్యి ఆర్పలేదు. మర్నాడూ ఆర్పలేదు.

*

సాత్ రోజు తెల్లారేసరికి సంగ్వాన్ బిళ్ళల చుట్టలు మూడూ పట్టుకుని విహారానికి వెళ్ళిపోయింది. నేను చిన్న పెనం పెట్టాను. కొబ్బరిపాలు నూనె తేలేదాకా కాచి, బెల్లం వేశాను. పాకం వచ్చిందో లేదో చుక్క నీళ్ళలో వేసి చూసుకున్నాను. పేలాలూ అటుకులూ పోస్తూ కలపడం ఒక్కడి వల్ల కాదు. చేతులు చాలక తంటాలు పడుతుంటే ఛోయ్ అవ్వ పడవ రేవులో తగిలింది. వెనక రేవులో కాదు, ముందు రేవులో. ఒడిలో వేయించిన వేరుశనగల మూట.

"మా ఆయన వాటా కూడా ఇందులోనే వెయ్యరా. ఆ పొడి తిని కడుపునొప్పితో మళ్ళీ చస్తాడు" అంది.

ఆమె పోసింది, నేను కలిపాను. అరటాకు మీద దిమ్మలా పరిచి చల్లార్చాం. కత్తితో గీస్తే గళ్ళు గళ్ళుగా తెగింది.

విహారం చేరేసరికి అక్కడ ఉమ్మడి పెనం చుట్టూ గుంపు. రెండు గంటలుగా కలుపుతున్నారట. తీపి వచ్చింది కానీ పట్టు రాలేదు. కమోన్‌కి బెల్లమంటే తీపి అనే తెలుసు. పేలాన్ని పేలానికి అతికించేది బెల్లమే అని వాడికి ఎవరూ చెప్పలేదు, ఆడవాళ్ళకి తెలిసినా చెప్పలేదు. పేలాలు కొబ్బరిపాలలో నాని మెత్తబడ్డాయి. ముక్కలు కోద్దామని పళ్ళెంలో పోస్తే జారి విడిపోయింది, కోడికి వేసే దాణాలా ఉంది. పోటీ చూడ్డానికి వచ్చిన ముగ్గురూ మెడలో కార్డులు వేసుకుని, మర్యాదగా చెంచాతో తిని, మంచినీళ్ళు అడిగారు.

నేను అరటాకు రెండు చేతుల మీదా పెట్టుకుని మెట్లెక్కాను. కమోన్ చొక్కా తడిసిపోయి ఉంది. పరుగున ఎదురొచ్చాడు.

"పెదనాన్నా, దణ్ణం పెడతాను. ఇవాళ ఒక్కరోజు. వాళ్ళు ఇవాళ ఒక్కరోజే వస్తారు."

"నా వాళ్ళూ ఇవాళ ఒక్కరోజే వస్తారు" అన్నాను.

"రేపు తీసుకురండి. ఎల్లుండి తీసుకురండి. నేనే మోస్తాను."

"తప్పుకో కమోన్."

తప్పుకున్నాడు. వెనకే ఛోయ్ అవ్వ, "బాబూ, నా మోకాళ్ళు కూడా కొలుస్తావా, పైకి చెయ్యిచ్చి లాగుతావా?" అంటూ వాడి చేయి పట్టుకుని మెట్లెక్కుతోంది.

చావడి మొదట్లో బల్ల. బల్ల వెనక సంగ్వాన్. ముందు పచ్చ, పసుపు, ఎరుపు చుట్టలు. ఆమె ముందు అరటాకు పెట్టాను. ఆమె చూసింది. దాని మీద చేయి ఆనించింది, ఇంకా గోరువెచ్చగానే ఉంది. మెడలో కార్డు ఉన్న ఒకాయన పక్కకి వచ్చి నిలబడి, కాగితం మీద రాసుకోవడానికి పెన్ను తీశాడు.

సంగ్వాన్ ఎర్ర చుట్టలోంచి ఒక బిళ్ళ చింపింది. ఆకు అంచున అంటించింది. వంకర పోకుండా వేలితో రుద్దింది. కమోన్ ఊపిరి వదలడం నాకు వినపడింది.

తర్వాత ఆమె బల్ల వెనక నుంచి లేచి, ఆకుని రెండు చేతులా ఎత్తుకుని, భిక్షువుల వరస వైపు నడిచింది.

"పెద్దమ్మా, అది ఎర్రది" అన్నాడు కమోన్.

"ఎర్రదే. అంటించింది నేనే" అంది సంగ్వాన్. ఆగలేదు.

పెద్ద భిక్షువు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆయన పాత్ర మూత తీశాడు. కమోన్ ఇంకా వెనకే ఉన్నాడు.

"షుగరు, గురువుగారూ" అన్నాడు మెల్లగా.

"పుచ్చుకోవడం నా పని, కమోన్. మింగేదీ మానేదీ తర్వాత నేను చూసుకుంటాను" అన్నాడు ఆయన.

నీళ్ళ గిన్నె నేను పట్టుకున్నాను. సంగ్వాన్ చెంబులోంచి అందులోకి నీళ్ళు వదులుతూ ధారకి వేలు ఆనించింది. పేరు ఆమె చెప్పింది. మొదటిసారి ఎవరికీ వినపడలేదు, రెండోసారి చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చావడి అంతటికీ వినపడింది. ఆ మాట తర్వాత ఏడ్చింది. రెండేళ్ళ తర్వాత. చావడి మధ్యలో, ఊరంతా చూస్తుండగా, మెడలో కార్డులున్నవాళ్ళు చూస్తుండగా, ముక్కు చీదుకుంటూ ఏడ్చింది. నేను గిన్నె పట్టుకుని కూర్చున్నాను. మా వెనక ఎవరో పడవ దగ్గరికి పరుగెత్తారు. కాసేపటికి ఎర్ర బిళ్ళ పడుతుందని ఇళ్ళలో దాచుకున్నవి ఒక్కొక్కటీ బయటికి రావడం మొదలైంది. బల్ల దగ్గర బిళ్ళలు అంటించేవాళ్ళు లేరు.

మాకు నాలుగో స్థానం వచ్చింది. కమోన్ సాయంత్రం మైకులో చెప్పాడు. ఎవరి పేరూ ఎత్తలేదు. కొందరి మొండితనం వల్ల, అన్నాడు. వచ్చే ఏడు మళ్ళీ పోటీ ఉందనీ, ఈలోగా ఊళ్ళో బెల్లం పొయ్యి మూయించే సంగతి కమిటీలో పెడతాననీ అన్నాడు. సంగ్వాన్ వింటూ దంపుడు బియ్యం కడుగుతోంది. నాకు ఎప్పటిలా ఉప్పు లేని చేప పెట్టింది. తిన్నాను.

మర్నాడు పొద్దున్న మామూలుగా ముప్పై నాలుగు చెట్లూ గీశాను. నీరా దించి పొయ్యి దగ్గర పెట్టాను. తర్వాత కాలువ గట్టు మీదికి నడిచాను. అక్కడ ఎనిమిది చెట్లు పికున్‌వి. పుట్టిన ఏడాది దాని పేరున నాటినవి. అది పోయినప్పటి నుంచి వాటిని ఎక్కలేదు, కాయలు రాలిపోతుంటే రాలిపోనిచ్చాను. మొదటి చెట్టుకి వెదురు నిచ్చెన ఆనించాను. పైన ఎండు మట్టలు నరికి పడేశాను. విచ్చుకోని పూగెల ఒకటి చూసి, తాడు కట్టి, విరగకుండా జానెడు కిందికి వంచాను. అలా రోజూ కొంచెం కొంచెం వంచితే పదిహేను రోజులకి నీరా కారుతుంది. విహారం వైపు పాట మొదలైంది. చెట్టు మీంచి చూస్తే ముందు వరసలో సంగ్వాన్ చేతులు పైకెత్తుతోంది. నేను తాడు బిగించి ముడి వేసి, దిగి, నిచ్చెన రెండో చెట్టుకి మార్చాను.